నల్లమలలో మోత సాధనాలు

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాలను ఆనుకొని ఉన్న నల్లమల అడవుల్లో కాలినడకన బరువులు మోయడానికి వాడే సాధనాల గురించి ఇది. ఇక్కడి చెంచులు పూర్వం విల్లంబులతో వేటాడేవారు. దుంపలు, పళ్లు, తేనె సేకరించేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఈ అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం కూడా. అందుకే వేట మాంసం మోయడం ఇక్కడ గతానికే పరిమితం.

నల్లమలలో నేటి మోత తేనె, నీళ్లు, అటవీ గస్తీ సిబ్బంది తిండి. తేనె లీటరు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. పది లీటర్ల డబ్బా అంటే 14 కిలోలు. ఇలాంటి బరువుకు కావడి చదును బాటలో హాయి. వెదురు పొదల్లో మాత్రం కొమ్మలకు తగులుతుంది, రాళ్ల దిగుడులో ఊగి మనిషినే లాగేస్తుంది. అక్కడ వీపు సంచే మేలు.

సంచి ఎంపికలో ముందు చూడవలసింది నడుము పట్టీ: బరువు భుజాల నుంచి తుంటి మీదికి దిగాలి. బరువైనవి వెన్నుకు ఆనించి, వీపు మధ్య ఎత్తులో సర్దాలి. ఖాళీ సంచి తేలికగా ఉండాల్సిందే, కానీ పలచని గుడ్డ ముళ్లకు చిరిగితే ఆ తేలిక దండగ. ఎండాకాలం వాగులు ఎండుతాయి. ఐదు లీటర్ల నీళ్లే ఐదు కిలోలు. ఆ బరువును లెక్కలో వేసుకున్నాకే సంచి కొనాలి.