హష్మత్ జంగ్ దొరగారి ఇల్లాలు

మా కోసిగి వైపు మన్రో దొర పేరు వినని ముసలివాళ్ళు అరుదు. రైల్లో పక్కనే మంత్రాలయం రోడ్డు స్టేషను కదా! మఠం మాన్యాల తగాదా తేల్చడానికి వచ్చిన మన్రోకు రాఘవేంద్రస్వామి కనిపించి మాట్లాడారని కథ. కడప, అనంతపురం వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా వున్నారు. అయితే మన్రో ఈ సీమకు కలెక్టరుగా రావాలంటే ముందు ఈ సీమ కుంపిణీవాళ్ళ చేతికి రావాలి గదా. నిజాముతో మాట్లాడి దాన్ని కుంపిణీ చేతిలో పెట్టిన దొర ఇంకొకడున్నాడు. ఆయన పేరు మా వైపు ఎవరూ తలచరు. ఆయన పేరు మీద గుడి కథలు లేవు. వున్నదల్లా ఒక ప్రేమకథ.

1800 అక్టోబరు 12న హైదరాబాదులో ఒక ఒప్పందం జరిగింది. మైసూరు యుద్ధాల తర్వాత 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన ప్రాంతాలను నిజాం అలీఖాన్ ఇంగ్లీషు సైన్యం ఖర్చుల కింద కుంపిణీకి ఇచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, ఆదోని అన్నీ అందులోనే పోయాయి. ఆదోనితోపాటు కోసిగి కూడా. ఒకప్పుడు నిజాం సొంత తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఏలిన ఆదోని కోట ఒక్క సంతకంతో చెయ్యి మారింది. అందుకే మనకు దత్తమండలాలన్న పేరు. ఇచ్చేసినవి అని అర్థం. రాయలసీమ అన్న పేరు 1928లో గానీ రాలేదు. ఇచ్చేటప్పుడు ఆ ఊళ్ళవాళ్ళను ఎవరూ అడగలేదు, అడిగే రోజులూ కావవి.

ఆ ఒప్పందం కుదిర్చిన కుంపిణీ ప్రతినిధి జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్. హైదరాబాదు రెసిడెంటు. నిజాం ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. ఆయన ఆ కాగితాల పని చూస్తున్న రోజుల్లోనే పాతబస్తీలో ఒక పెద్దింటి పరదా వెనక ఒక చిన్నపిల్ల ఆయన బిడ్డను మోస్తోంది. ఆమె పేరు ఖైరున్నిసా. స్త్రీలలో శ్రేష్ఠురాలు అని ఆ పేరుకు అర్థం.

కర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులోనే పుట్టినవాడు. అన్న విలియం తర్వాత హైదరాబాదు రెసిడెంటు పదవి ఈయనకు వచ్చింది. పారశీకం, హిందుస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో హైదరాబాదీ దుస్తులు, హుక్కా, దర్బారీ మర్యాదలు. దొరల్లో ఇలాంటివాళ్ళు ఆ కాలంలో అంత అపురూపం కాదు. తమ వీలునామాల్లో ‘బీబీ’కింత అని రాసిపెట్టిన కుంపిణీ ఉద్యోగులు ఎందరో వున్నారు. కాని ఆ బీబీలలో ఎక్కువమంది పేదిళ్ళ స్త్రీలు. ఖైరున్నిసా అలా కాదు. ఆమె తాత బాకర్ అలీఖాన్ ఇంగ్లీషు పటాలానికి జీతాలు పంచే బక్షీ. నిజాం దర్బారులో చక్రం తిప్పిన మీర్ ఆలం వీళ్ళకు దగ్గరి చుట్టం. సయ్యదుల వంశం. ఆమెకప్పటికే మరొక నవాబు కొడుకుతో సంబంధం నిశ్చయమైంది కూడా.

1798 చివర్లో ఖైరున్నిసా అక్క పెళ్ళి జరిగింది. పెళ్ళికి వచ్చిన దొరను ఆ పిల్ల పరదా సందులోంచి చూసిందట. తర్వాత సంగతి దొర తన అన్నకు రాసిన ఉత్తరాల వల్లే మనకు తెలుస్తోంది. నిశ్చయమైన సంబంధం తనకు వద్దంది. దొరనే చేసుకుంటానంది. లేకపోతే విషం తాగుతానంది. తల్లి షరఫున్నిసా కూతురి పక్షం వహించింది. తాత మాత్రం మండిపడ్డాడు. చివరకు ఇస్లాం పుచ్చుకుంటే తప్ప నిఖా కుదరదన్నారు. కర్క్‌పాట్రిక్ కలిమా చదివాడు. నిఖా గుట్టుగా జరిగింది. 1801 మార్చి 4న కొడుకు పుట్టాడు. సాహెబ్ ఆలం అని ముద్దుపేరు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో కూతురు, సాహెబ్ బేగం.

ఇక్కడ కాస్త ఆగుదాం. ప్రేమకథ అనగానే మనకు కళ్ళు చెమరుస్తాయి. కాని లెక్క చూడండి. 1813లో చనిపోయేనాటికి ఆమెకు ఇరవై ఏడేళ్ళు. అంటే కొడుకును ఎత్తుకునేటప్పటికి పదిహేను దాటలేదు. ఆయనకు ముప్ఫై ఆరు. మన ముత్తవ్వల కాలంలో అది వింత కాదు. ఇవాళ మన ఇంట్లో పదో తరగతి చదివే పిల్లను చూస్తూ ఆ కథ చెప్పుకుంటే మాత్రం గొంతు కాస్త తడబడుతుంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ పిల్ల నోరులేని పిల్ల కాదు. తాతకు, చుట్టాలకు, తన కట్టుబాట్లకు ఎదురు నిలిచింది. అంతటి మొండితనం ఆ వయసులో ఎక్కణ్ణుంచి వచ్చిందో!

సంగతి కలకత్తాకు పాకింది. గవర్నర్ జనరల్ వెల్లస్లీకి కావలసింది ప్రేమకథలు కావు, రాజ్యం. రెసిడెంటు ముసల్మాను అయ్యాడా? నిజాం మంత్రి అరిస్తూజా ఈ పెళ్ళి అడ్డం పెట్టుకుని ఆయన్ను లొంగదీసుకున్నాడా? మద్రాసులో ఇద్దరు సైనికాధికారులను కూర్చోబెట్టి ప్రమాణం మీద ప్రశ్నలడిగారు. రాజ్యం తెచ్చిపెట్టిన మనిషిని రాజ్యమే అనుమానించింది. కర్క్‌పాట్రిక్ ఉద్యోగం ఒక నూలుపోగు మీద వేలాడి, చివరకు నిలిచింది. ఆ పోగు తెగివుంటే ఆయనకు పోయేది జీతం, హోదా. ఆమెకు పోయేది ఏమిటో ఆ విచారణ కాగితాల్లో ఎవరూ ప్రశ్నగానైనా వేయలేదు.

నాలుగేళ్ళు సుఖంగానే గడిచాయి. మూసీ ఒడ్డున రెసిడెన్సీ ఆవరణలో ఆమె కోసం రంగమహలు కట్టించాడు. 1803లో పెద్ద భవనం పని మొదలైంది. శామ్యూల్ రస్సెల్ అనే కుంపిణీ ఇంజనీరు గీసిన నమూనా. రోమను స్తంభాలు, పెద్ద మెట్లు. పరదాలో వున్న ఇల్లాలు ముందు వైపు వచ్చి ఆ భవనం చూడలేదని, అచ్చం అలాంటిదే చిన్న బొమ్మ మేడ తోటలో కట్టించాడని చెబుతారు.

ఆ తర్వాత వచ్చింది 1805. పిల్లలకు నాలుగేళ్ళు, మూడేళ్ళు. వాళ్ళను ఇంగ్లండుకు, కర్క్‌పాట్రిక్ తండ్రి దగ్గరకు పంపాలని నిర్ణయమైంది. ఎందుకో తెలుసుకుంటే గాని తండ్రి మీద కోపం తగ్గదు. 1791 నాటికే కుంపిణీ ఒక రూలు పెట్టింది. తల్లిదండ్రులలో ఒకరు ఇక్కడివారైతే ఆ బిడ్డకు కుంపిణీ సివిలు కొలువు గాని సైన్యంలో ఆఫీసరు పదవి గాని లేదు. ఇక్కడే వుంటే ఇటు నవాబులలో కలవరు, అటు దొరలలో కలవరు. ఇంగ్లండులో పెరిగితే రంగు తెలుపు కాబట్టి దొరబిడ్డలుగా చెలామణీ అవుతారు. అది తండ్రి లెక్క. తల్లి లెక్క ఎవరూ వేయలేదు. పిల్లలు మద్రాసు చేరి ఓడెక్కారు. కలకత్తా వెళ్ళిన కర్క్‌పాట్రిక్ అక్కడే జబ్బుచేసి అక్టోబరు 15న కన్నుమూశాడు. హైదరాబాదులో వున్న ఖైరున్నిసా రెండు మూడు నెలల్లో భర్తను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకుంది. అప్పటికామెకు పంతొమ్మిదేళ్ళు.

ఓడ ఎక్కకముందు మద్రాసులో జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు ఆ పిల్లలిద్దరి పటం వేశాడు. జరీ అంగీలు, టోపీలు, ముఖాల్లో మాత్రం దిగులు. ఆ పటం ఇప్పుడు ఎక్కడ వుందో తెలుసా? చైనా తీరాన హాంకాంగులో, ఒక పెద్ద బ్యాంకువారి సేకరణలో. చిన్నరీ కూడా అప్పుల బాధకు 1825లో ఇండియా వదిలి చైనా తీరానికే చేరి, 1852లో మకావులో పోయాడు.

ఆ చైనా తీరంలోనే, చిన్నరీ పోయిన రెండేళ్ళకు, పంతొమ్మిదేళ్ళ ఐరిష్ కుర్రాడు రాబర్ట్ హార్ట్ దిగాడు. నింగ్‌పోలో ఇంగ్లీషు కాన్సలేటు ఉద్యోగి. ఆయావో అనే చైనా యువతితో కాపురం పెట్టాడు. ముగ్గురు పిల్లలు. తర్వాత హార్ట్ చైనా చక్రవర్తి సుంకాల శాఖకే పెద్ద అధికారి అయ్యాడు. పదవి పెరిగేకొద్దీ ఆయావో మరుగున పడిపోయింది. 1866లో స్వదేశం వెళ్ళి ఐరిష్ అమ్మాయిని పెళ్ళిచేసుకున్నాడు. ఆ ముగ్గురు పిల్లల్నీ ఇంగ్లండు పంపి, ఖర్చులకు డబ్బు కట్టాడు. ‘నా పిల్లలు’ అని పైకి చెప్పుకోలేదు. హార్టుతో పోల్చి చూస్తే మన కర్క్‌పాట్రిక్ ఎంతో నయం. నిఖా చేసుకున్నాడు, కాదనలేదు, ఉద్యోగం పణంగా పెట్టాడు. కాని పిల్లల దగ్గరకు వచ్చేసరికి హైదరాబాదు బేగం కథా, నింగ్‌పో ఆయావో కథా ఒకే రేవుకు చేరాయి. ఓడ ఇంగ్లండుకు, తల్లి ఒడ్డున.

ఒంటరి ఖైరున్నిసా ఏమైంది? భర్త సమాధి చూడాలని కలకత్తా వెళ్ళింది. అక్కడ భర్త దగ్గర అసిస్టెంటుగా చేసిన హెన్రీ రస్సెల్ ఓదార్పు మాటలతో దగ్గరయ్యాడు. ఊరు గుప్పుమంది. అప్పటికి దివానుగా వున్న మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టవద్దన్నాడు. తల్లీ కూతుళ్ళిద్దరూ మచిలీపట్నంలో, ఆ ఉప్పుగాలి ఊళ్ళో, దిక్కులేనివాళ్ళలాగా రోజులు లెక్కపెట్టారు. రస్సెల్ 1808లో మద్రాసులో మరొకామెను పెళ్ళాడాడు. ఆ యేడాది చివర మీర్ ఆలం పోయాకగాని ఈమెకు ఇంటిదారి తెరుచుకోలేదు. ఆ రస్సెలే తర్వాత రెసిడెంటై వచ్చాడు. 1813 సెప్టెంబరులో ఆమె రెసిడెన్సీలోనే ప్రాణం విడిచింది. ఆ వార్తకు మీరేమంటారో గాని, నాకు మాత్రం తల్లి షరఫున్నిసాయే కళ్ళముందు మెదులుతుంది. కూతురు పోయింది, అల్లుడు పోయాడు, మనవలు ఏడు సముద్రాల అవతల.

ఆ అవతల పిల్లలు క్రైస్తవులై, విలియం జార్జి, కేథరిన్ అరోరా అయ్యారు. అబ్బాయి 1828లోనే పోయాడు. కేథరిన్‌ను అందరూ కిట్టీ అనేవారు. రచయిత థామస్ కార్లైల్ ఆమెను చూసి ముగ్ధుడయ్యాడు. ఆయన పుస్తకంలోని బ్లూమిన్ అనే అమ్మాయి ఈమేనని చాలామంది అంటారు. 1829లో ఒక కెప్టెన్‌ను పెళ్ళాడి పిల్లాపాపలతో ఇంగ్లీషు ఇల్లాలుగా స్థిరపడింది.

1840ల మొదట్లో ఒకనాడు కిట్టీ రస్సెల్ గారి ఊరింటికి వెళ్ళింది. గోడ మీద ఒక పటం. అందులో జరీ అంగీలలో ఇద్దరు పిల్లలు. అది తానేనని తెలిసి ఏడ్చిందట. అమ్మమ్మ హైదరాబాదులో ఇంకా బతికే వుందని అప్పుడే తెలిసింది. ముప్ఫై ఐదేళ్ళ తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. ఈమెకు పారశీకం రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. నడుమ ఒకరు తర్జుమా చేయాలి. విడిపోయేటప్పుడు తల్లి ఎక్కడ కూర్చుని ఏడ్చిందో ఆ చోటు తనకింకా కనిపిస్తోందని మనవరాలు రాసింది. అమ్మమ్మ బదులుగా ఖైరున్నిసా తల వెంట్రుకల పాయ ఒకటి దాచివుంచినది పంపింది. 1847లో షరఫున్నిసా పోయేదాకా ఆ ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు మళ్ళీ చూడలేదు.

మా కోసిగిలో వానలు లేని ఏడు ఆడవాళ్ళు మగవాళ్ళు సుగ్గికని గుంటూరు మిరపచేలకు పోతారు. పిల్లలు అవ్వల దగ్గర మిగులుతారు. వాళ్ళు మాత్రం తిరిగివస్తారు. ఖైరున్నిసాకు ఆ తిరిగిరావడమే లేదు. మనిషికి మనిషి మీద ప్రేమ పుట్టడానికి జాతీ మతమూ అడ్డం రాలేదు. పుట్టిన ప్రేమ బతకడానికే వచ్చాయి. ఒకడు ఏలేవాడు, ఒకతె ఏలబడేది అయినప్పుడు, వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా, బిల్లు చివరికి ఎవరి పేర వస్తుందో ఈ కథ చెబుతుంది.

రంగమహలును 1860లో కూలగొట్టారు. పెద్ద భవనం మిగిలింది. 1949 నుంచి అది కోఠీ ఆడపిల్లల కాలేజీ. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఏళ్ళ తరబడి శిథిలమైన భవనాన్ని, తోటలోని ఆ బొమ్మ మేడను ఈమధ్యనే బాగుచేశారు. పరదాలోని ఇల్లాలు ముందుకు వచ్చి చూడలేకపోయిన ఆ మెట్లను ఎన్నో తరాల ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని రెండేసి చొప్పున ఎక్కేశారు. ఈసారి కోఠీకి పుస్తకాలకో చీరలకో వెళితే, గేటు దగ్గర అనుమతి అడిగి ఒక్కసారి లోపలికి వెళ్ళిరండి. బొమ్మ మేడ దగ్గర కాసేపు నిలబడండి.