అరుగు, బేస్‌మెంట్, సంఘము: నాయుడుపేట ప్రాంతము నుండి ఒక చారిత్రక పరిశీలన

పాశ్చాత్య సంఘ చరిత్ర చదివే విద్యార్థికి ‘చర్చి బేస్‌మెంట్’ అనే మాట తరచుగా ఎదురవుతుంది. అది ఆరాధనా స్థలము క్రింద, నేలలోకి త్రవ్వి కట్టిన గది. సండేస్కూలు, సహవాస విందులు, కమిటీ కూటములు అక్కడే జరుగుతాయి. అమెరికాలోని మాంట్‌గోమరీ పట్టణములో 1955 డిసెంబరులో, బస్సుల బహిష్కరణ విషయమై నల్లజాతి నాయకులు కూడుకొన్నది డెక్స్టర్ అవెన్యూ బాప్టిస్టు చర్చి బేస్‌మెంటులోనే.

మన ప్రాంతములో ఈ మాటకు అర్థము వేరు. నాయుడుపేట మేస్త్రి ‘బేస్‌మెంట్’ అంటే, పునాది మీద నేలమట్టానికి పైకి గోడ లేపి, మట్టి నింపి గట్టిపరచిన ఎత్తు. నేల క్రింద ఉండేదానిని మనము నేలమాళిగ అనో సెల్లారు అనో అంటాము. ప్రభుత్వ గృహనిర్మాణ పథకాలలో కూడా బిల్లు ‘బేస్‌మెంట్ లెవెల్’ వంటి దశలను బట్టి మంజూరవుతుంది. ఈ తేడాకు కారణము ఇక్కడి నీరు. ఒక ప్రక్క స్వర్ణముఖి నది, మరొక ప్రక్క సముద్ర తీరము, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద తీరము దాటిన తుఫానును, 2015 నవంబరు వరదలను చూసినవారికి ఎత్తు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఎత్తు ఇంటి ముందుకు సాగితే అరుగు, లేక తిన్నె. పంచాయితీలు, పురాణ కాలక్షేపము, వీధిబడి, అన్నింటికీ అదే చోటు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్ల ద్వారా పాఠశాలల లెక్కలు తెప్పించాడు. 1826 నాటి ఆయన నివేదిక ప్రకారము రాజధాని మొత్తములో 12,498 పాఠశాలలు ఉన్నాయి. వీటిలో ఎన్నో ఇటువంటి అరుగుల మీద, పంచలలో నడిచినవే. అయితే అరుగు వీధిలో అందరికీ కనిపించేదే గాని, అందరూ ఎక్కగలిగినది కాదు. దళితుల పిల్లలకు ఆ మెట్టు అందలేదు.

మిషను చరిత్రను ఈ మెట్టు దగ్గర నిలబడి చదవాలి. జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను 1865లో సూళ్ళూరుపేటలో పని ప్రారంభించింది. నాయుడుపేట దాని తొలి కేంద్రాలలో ఒకటి. నేటి దక్షిణాంధ్ర లూథరన్ సంఘమునకు మూలము ఈ పనియే. ఇదే తీరములో ఉత్తరాన, 1904 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలులో, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఎదుట ఈ ప్రశ్న సూటిగా నిలిచింది. 1867 ప్రాంతములో మాదిగ విశ్వాసులను చేర్చుకొంటే పై కులాల విద్యార్థులు బడి మానివేస్తారని ఆయనకు చెప్పారు. క్లౌ దంపతులు మొదటి కొరింథీ పత్రిక 1:26–29 వచనాలను ఆశ్రయించి, మాదిగలను చేర్చుకొన్నారు. పై కులాలవారు వెళ్ళిపోయారు. బడి కట్టడము మారలేదు. అందులో ఎవరు కూర్చున్నారన్నదే మారింది.

నేటి సంఘములకు ఇందులో పాఠమున్నది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది గనుక పాత ఆలయాలు పల్లములో పడుతున్నాయి. క్రొత్తవి ఎత్తుగా కట్టక తప్పదు. కాని ఆ ఎత్తుతో పాటు నిలువు మెట్లు, ఇనుప గ్రిల్లు, తాళము కూడా వస్తున్నాయి. ముసలమ్మ మోకాళ్ళు పట్టుకొని ఎక్కలేక క్రిందనే ఆగిపోతుంది. ఆదివారము కాని ఆరు దినాలు ఆ బేస్‌మెంట్ మీద ఎవరూ కూర్చోరు.

కనుక కాపరులు, పెద్దలు మేస్త్రితో మాట్లాడునప్పుడు ఎన్ని అడుగుల ఎత్తు అని మాత్రమే గాక, ఎవరు ఎక్కగలరు అని కూడా అడగాలి. మెట్ల ప్రక్కన ఒక ర్యాంపు, గ్రిల్లుకు వెలుపల రెండు అడుగుల అరుగు కట్టించడము పెద్ద ఖర్చు కాదు. స్థానిక సంఘ చరిత్ర వ్రాయదలచిన విద్యార్థులు బాప్తిస్మపు రిజిస్టర్లు చూచుటతో సరిపెట్టుకొనక, పెద్దలను ఒక ప్రశ్న అడగాలి: మీ చిన్ననాట ఏ అరుగు మీద ఎవరు కూర్చునేవారు, ఎవరు క్రింద నిలబడేవారు?