రెండు గ్లాసులు

పదునేడవ శతాబ్దమున బాబా బుడన్ మోకా రేవునుండి ఏడు కాఫీగింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. ఆ పానీయము మదరాసు రాజధానిలోని ఇండ్లలో నెలకొనెను. నిజాము రాష్ట్రమున జేరిన కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో తేనీరే ముందు నిలిచెను. కాఫీకైనను తేనీటికైనను అంటిన కళంకమొక్కటే: పల్లె హోటళ్లలో దళితులకు వేరుగ్లాసు.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. కులకారణమున హోటళ్లలో ప్రవేశము నిరాకరించుటను 15వ అధికరణమున నిషేధించెను. 1955లో శిక్షలు విధించు చట్టమును వచ్చెను. చట్టము హోటలు వాకిటివరకు వచ్చును. వంటింటి గ్లాసు మన చేతిలోనిది.

వేయించి అప్పుడే పొడిచేసిన గింజలతో డికాక్షను నెమ్మదిగా దిగనిచ్చి, కాచిన పాలు కలుపుట రుచికి చేయు మర్యాద. ఆ కాఫీనే, అట్టి గ్లాసులోనే, ఇంట అంట్లు తోము ఆమెకును, కచేరిలో బంట్రోతునకును అందించుట మనుష్యులకు చేయు మర్యాద. మొదటిది నేర్చిన ఇల్లు రెండవదానిని నేర్వవలదా?