గుండె ముందా, ఊపిరి ముందా? హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ చరిత్ర

ఆర్మూరు వంటి పసుపు వ్యాపార పట్టణంలో ఎవరైనా హఠాత్తుగా కన్నుమూసిన కబురు అందితే, ఉర్దూ తెలిసినవారు "హర్కతె ఖల్బ్ బంద్ హోగయీ" అంటారు. తెలుగులో "గుండె ఆగిపోయింది" అంటారు. ఈ మాట చాటున ఒక చిక్కు ప్రశ్న వున్నది. ప్రాణం పోయేటప్పుడు ముందు ఆగేది గుండెయా, ఊపిరియా? మామూలు మరణాల్లో ఈ తేడాను ఎవరూ అంతగా పట్టించుకోరు. శస్త్రచికిత్స బల్ల మీద మత్తులో వున్న రోగి విషయంలో మాత్రం అది చావుబతుకుల సమస్య. ఆర్మూరు, ఇందూరు ప్రాంతాలు నిజాం ఏలుబడిలో వున్న రోజుల్లో, 1888-89 (హిజ్రీ 1305-1307) సంవత్సరాలలో, ఈ ప్రశ్నను తేల్చడానికి హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేశాయి. వాటి ఖర్చు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం భరించింది.

క్లోరోఫారంను 1847 నవంబరులో ఎడింబరోకు చెందిన జేమ్స్ యంగ్ సింప్సన్ మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లాండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేండ్ల బాలిక కాలిగోరు తీయించుకోవడానికి వెళ్లి ఆ మందు పీల్చిన కొద్ది నిమిషాలకే మరణించింది. అప్పటినుంచి వైద్యలోకం రెండుగా చీలింది. మందు నేరుగా గుండెనే దెబ్బతీయగలదు గనుక నాడి మీద వేలుంచాలన్నది లండన్ వారి మతం. ఊపిరి ఒక్కటి చూస్తే చాలునన్నది ఎడింబరోకు చెందిన జేమ్స్ సైమ్ బోధ.

ఆ సైమ్ శిష్యుడే ఎడ్వర్డ్ లారీ. ఆయన 1885 ప్రాంతంలో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికీ, 1846లో ఏర్పడిన హైదరాబాదు వైద్య పాఠశాలకూ పెద్ద అయ్యాడు. గురువు చెప్పినట్టే చేస్తూ వేల మందికి క్లోరోఫారం ఇచ్చాననీ, ఒక్క ప్రాణమూ పోలేదనీ ఆయన చెప్పుకొనేవాడు. ఆయన కోరికపై 1888లో మొదటి కమిషన్ కుక్కల మీద పరీక్షలు జరిపి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చింది. మరుసటి యేడు కనాట్ డచెస్ బహుమతులు పంచిన సభలో లారీ ఈ ఫలితాలను ఘనంగా చాటాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ వాటిని నమ్మలేదు.

అప్పుడు జరిగినదే ఈ చరిత్రలో మెచ్చుకోదగిన ఘట్టం. సందేహించినవారిని నిందించలేదు, పరీక్షకు పిలిచారు. లాన్సెట్ ఎంపిక చేసిన నిపుణుడిని పంపడానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. వచ్చినవాడు సామాన్యుడు కాడు. రక్తపోటును తగ్గిస్తే గుండెనొప్పి ఉపశమిస్తుందన్న ఆలోచనతో 1867లో ఎమైల్ నైట్రైట్‌ను వాడి చూపిన టి. లాడర్ బ్రంటన్. క్లోరోఫారం గుండెను చంపగలదని నమ్మినవాడు కూడా. అంటే ప్రత్యర్థినే న్యాయమూర్తిగా కూర్చోబెట్టినట్టయింది.

1889 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పని సాగింది. ఆనాటికి చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పద్ధతి లేదు. అది రివా-రోచీ 1896లో కనిపెట్టినది. ధమనిని కోసి గొట్టం అమర్చి, తిరిగే డోలుకు చుట్టిన కాగితంపై గీత పడేలా చేసి రక్తపోటును నమోదు చేసేవారు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జంతువులను ఇందుకు వాడారు. ఈనాటి పాఠకునికి ఆ లెక్క చూస్తే మనసు చివుక్కుమనక మానదు.

ఇక్కడ ఇబ్నె నఫీస్ (మరణం హిజ్రీ 687, క్రీ.శ. 1288) గుర్తుకు రావడం సహజం. షరీఅత్తూ, హృదయంలోని దయా తనను దేహచ్ఛేదనకు దూరంగా వుంచాయని ఆయన రాసుకున్నాడు. అయినా 1242లో ఇబ్నె సీనా గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ జాలీనూస్ సిద్ధాంతాన్నే కాదన్నాడు. గుండె నడిమి గోడలో కంటికి కనిపించే దారీ లేదు, కనిపించని రంధ్రాలూ లేవు, కుడి గదిలోని రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమ గదికి చేరాలి అన్నాడు. అంతకు ముందే రాజీ జాలీనూస్ మీద సందేహాలతో ఒక గ్రంథమే రాశాడు. గురువులను ప్రశ్నించడం ముస్లిం వైద్యులకు కొత్త కాదు. లారీ మాత్రం ఒక గురువును కాదనడానికి మరో గురువును పట్టుకున్నాడు. ఆ బలహీనత తరువాత బయటపడింది.

కమిషన్ చూసినదేమిటి? మందు ఎక్కువైన కొద్దీ రక్తపోటు క్రమంగా దిగింది, తరువాత ఊపిరి ఆగింది, ఆపైననే గుండె ఆగింది. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని, ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్లనే గాని నేరుగా గుండెకు కాదని లండన్‌కు తంతి పంపాడు. కమిషన్ అంతటితో ఆగలేదు. రక్తపోటు తగ్గడం ప్రమాదం కానే కాదు, మందు మెదడుకు ఎక్కువగా చేరకుండా కాపాడే ఏర్పాటు అన్నంత దూరం పోయింది. అసలు పొరపాటు ఇక్కడ వున్నది. కళ్లతో చూసినది వేరు, దానినుంచి లాగిన అర్థం వేరు.

1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ రెండు జంతువుల రక్తప్రసారాలను కలిపి ఈ విషయం పరీక్షించారు. మందు కలిసిన రక్తం మెదడుకు మాత్రమే చేరినప్పుడు రక్తపోటు దిగలేదు, గుండెకు చేరినప్పుడు దిగింది. అంటే గుండె బలహీనపడుతున్నదన్నమాట. లారీ ఒప్పుకోలేదు. ప్రత్యర్థిని పిలిపించి ఖర్చు పెట్టించిన మనిషే, ఫలితం ఎదురు తిరిగేసరికి చెవి ఒగ్గలేదు.

అలాగని లారీ వాదమంతా తప్పని కొట్టివేయడం న్యాయం కాదు. మోతాదు మించి ఊపిరాడక పోయే ప్రాణాలు నిజంగానే వుండేవి. శ్వాసను క్షణక్షణం కనిపెట్టడం వల్ల అవి నిలిచాయి. ఈ క్రమశిక్షణను ఆయన హైదరాబాదు విద్యార్థులకు గట్టిగా నేర్పాడు. మత్తుమందు ఇవ్వడంలో పేరు తెచ్చుకొన్న తొలి భారతీయ మహిళా వైద్యులలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ పాఠశాలలో చదివినవారే.

మరి హన్నా గ్రీనర్ ఎందుకు చనిపోయింది? హైదరాబాదులో జంతువులకు మందు క్రమంగా, నిండుగా ఇచ్చారు. ఆసుపత్రులలో చాలా మరణాలు మత్తు ఇంకా పట్టీపట్టని దశలోనే, చిన్న చిన్న కోతలకే, భయంతో పెనుగులాడే రోగులకే సంభవించేవి. 1911లో ఎ. గుడ్‌మన్ లెవీ పిల్లులకు తేలికగా క్లోరోఫారం ఇచ్చి, కొద్దిగా అడ్రినలిన్ ఎక్కించి చూశాడు. గుండె కొట్టుకోవడం మాని వణకసాగింది, జంతువు అక్కడికక్కడే చనిపోయింది. వైద్యులు దీనినే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. భయపడినప్పుడు మనిషి శరీరంలో వూరేది కూడా ఆ అడ్రినలినే. వందల జంతువులను పరీక్షించినవారు చూడవలసిన దశను చూడలేదు.

కమిషన్ నివేదిక 1891లో బొంబాయిలో అచ్చయింది. 1908 సెప్టెంబరు మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని పాడుచేసింది. తరువాత అక్కడే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. లెవీ తొలి ఫలితాలు వెలువడిన 1911లోనే, ఆగస్టు నెలలో, మహబూబ్ అలీఖాన్ పరమపదించారు.