అటెస్టేషన్ సంతకం నుంచి వెబ్ ఆప్షన్ల దాకా

స్వర్ణోత్సవ సంచికలో మన మాస్టార్ల గురించి, ఆటస్థలం గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. బడి గేటు దాటిన ప్రతి బ్యాచ్‌కీ ఎదురైన మొదటి గండం కాలేజీ దరఖాస్తు. నేను దాని చరిత్ర రాస్తాను.

ఇంటర్మీడియట్ బోర్డు 1971లో ఏర్పడింది. ఆ రోజుల్లో ఏ కాలేజీలో చేరాలన్నా ఆ కాలేజీ ఫారమే తెచ్చుకోవాలి. మూడు కాలేజీలు మనసులో ఉంటే మూడు ఫారాలు, మూడు సెట్ల నకళ్లు. జిరాక్సు మిషను మన వైపు ఇంకా రాలేదు. మార్కుల జాబితాను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కార్బను పెట్టి కొట్టించి, కింద 'ట్రూ కాపీ' అని వేయించి, గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం తిరగాలి. టైపిస్టు 67ను 76 చేస్తే మళ్లీ మొదటికి. పల్లెల్లో గెజిటెడ్ అంటే చాలాచోట్ల పశువుల డాక్టరుగారే దిక్కు. ఎంతమంది ఇంజనీర్ల లెక్కల మార్కులు నిజమేనని ఆయన ముద్ర వేశారో! ఆ తర్వాత రిజిస్టర్డ్ పోస్టు. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చేదాకా పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు కోసం చెవులు రిక్కించడమే.

క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం 1983లో వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఒక్క దరఖాస్తు, ఒక్క పరీక్ష. తిరుగుడు తగ్గింది కానీ, తప్పు జరిగే చోటు మారింది. ఓఎంఆర్ ఫారంలో పేరులోని ఒక్కో అక్షరానికి ఒక్కో గడి, దాని కింద పెన్సిలుతో నింపే సున్నాలు. ఒక్క గడి పక్కకు జరిగితే చివరిదాకా అన్నీ జరుగుతాయి. ఇంటిపేరు ముందా, వెనకా అన్న సందేహం ఒకటి. పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అలాగే రాయాలి.

మన బడి ప్రమేయం ఇక్కడే ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. స్థానికత తేల్చడానికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు చూపించాలి. అవి అవసరపడేది సరిగ్గా వేసవి సెలవుల్లో. హెడ్మాస్టరుగారు ఊళ్లో లేక, గుమాస్తాగారు పెళ్లికి వెళ్లి, తాళం వేసిన ఆఫీసు గది ముందు తండ్రీ కొడుకులు నిలబడటం మనలో చాలామందికి గుర్తే.

కౌన్సెలింగ్‌కు స్వయంగా వెళ్లే రోజుల్లో ఖాళీల పట్టిక చూసి అక్కడికక్కడే తేల్చుకోవాలి. వెబ్ కౌన్సెలింగ్ వచ్చాక కొన్ని రోజుల గడువు దొరికింది. ఇది మేలేనని నా అభిప్రాయం. కాకపోతే ఒకేలా ధ్వనించే కాలేజీ పేర్లు, అక్షరాల కోడ్‌లు, వరుస మార్చాక సేవ్ చేయకపోవడం లాంటి కొత్త చిక్కులు పుట్టాయి. ఐఐటీ, ఎన్‌ఐటీల జోసా కౌన్సెలింగ్ 2015లో మొదలైంది. అందులో లాక్ చేయడం మరిచినా, చివరగా సేవ్ చేసిన వరుసే లాక్ అవుతుంది. ఈ సంగతి తెలియక ఆ రాత్రి నిద్రపోని ఇళ్లు చూశాను.

అధ్యాపకుడిగా కొన్నేళ్లు హెల్ప్‌లైన్ కేంద్రంలో సర్టిఫికెట్లు పరిశీలించాను. ఒకసారి మన బడి అమ్మాయే తండ్రితో వచ్చింది. ఒక ప్రైవేటు కాలేజీ మనిషి 'మేం చూసుకుంటాం' అని పాస్‌వర్డ్ తీసుకుని, తమ కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టాడు. మంచి ర్యాంకు, ఎవరూ కోరని సీటు. తండ్రి మాట్లాడుతూనే ఉన్నాడు: "మాస్టారూ, రెండు రోజులుగా అన్నం తినడం లేదండీ." ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది. తప్పు ఎవరిదన్న విచారణ ఆ పూటకు పక్కన పెట్టాం. ముందు టీ తాగించి, పాస్‌వర్డ్ మార్పించాం. తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు ఇవ్వవచ్చని, అందులో సీటు వస్తే పాతది రద్దవుతుందని, అందుకే నిజంగా కావలసినవే పెట్టాలని చెప్పాను. కాగితం మీద వరుస రాయించి, తండ్రి చేత పైకి చదివించి, అప్పుడే కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. అడిగిన మొదటి కాలేజీ రాలేదు, మూడోది వచ్చింది. చేరింది.

2014లో కేంద్రం స్వీయ ధ్రువీకరణను ప్రోత్సహించాక గెజిటెడ్ సంతకాల బెడద చాలావరకు పోయింది. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలకు కూడా దోస్త్ వచ్చింది. అయినా పేరు, పుట్టినతేదీల గొడవ పోలేదు. మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడితే అమెరికా వీసా మీద అసలు పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని వస్తుంది. పేరు తెలియదు అని దాని అర్థం! మన పిల్లలు కొందరు అక్కడ ఆ మూడక్షరాలతోనే పిలిపించుకున్నారు.

మెమోలో రాతపొరపాటు దిద్దించాలంటే హెడ్మాస్టరు ద్వారా ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయానికి ప్రతిపాదన వెళ్లాలి. దానికి ఆధారం బడి అడ్మిషన్ రిజిస్టరే. మన పాత రిజిస్టర్ల అట్టలు ఊడిపోయాయి, కొన్నింటి అంచులు చెదలు తిన్నాయి. కానీ పేజీలు చదవడానికి వస్తాయి. నిరుడు జూన్‌లో ఒక పూర్వ విద్యార్థి తన చేరిక వివరాల కోసం వచ్చారు. ప్రస్తుత గుమాస్తాగారు బీరువా తీసి, దుమ్ము దులిపి, పావుగంటలో ఆ పేజీ పట్టుకున్నారు. తండ్రి వేలిముద్ర పక్కన ఆనాటి హెడ్మాస్టరుగారి ఆకుపచ్చ సిరా సంతకం ఇంకా స్పష్టంగా ఉంది.