ప్రజారోగ్య విద్య: తరగతి గది నుంచి ఆన్‌లైన్ కోర్సు వరకు

ఆన్‌లైన్ కోర్సుల చరిత్ర అనగానే మీకు కంప్యూటర్లు, ఇంటర్నెట్ గుర్తుకు రావచ్చు. ప్రజారోగ్య విద్యలో మాత్రం అసలు ప్రశ్న వాటికంటే పాతది. ఈ విద్య ఎవరి కోసం? పరిశోధకుల కోసమా, ఊరూరా పనిచేసే ఆరోగ్య సిబ్బంది కోసమా?

ఈ ప్రశ్న అమెరికాలో 1915 నాటికే తలెత్తింది. రాక్‌ఫెల్లర్ సంస్థల కోసం విలియం వెల్చ్, విక్లిఫ్ రోజ్ ప్రజారోగ్య విద్యకు ఒక ప్రణాళిక తయారుచేశారు. ఒక కేంద్ర విద్యాలయం, దానికి అనుబంధంగా రాష్ట్రాలలో శిక్షణ పాఠశాలలు, సిబ్బందికి స్వల్పకాలిక కోర్సులు ఉండాలన్నది రోజ్ ఆలోచన. వెల్చ్ శాస్త్ర పరిశోధనకు ప్రాధాన్యమిచ్చారు. చివరకు వెల్చ్ దృక్పథమే నెగ్గింది. 1916లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన ప్రజారోగ్య విద్యాలయం 1918లో విద్యార్థులను చేర్చుకొంది. 1932లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సహాయంతో కలకత్తాలోనూ ఇటువంటి సంస్థ వెలిసింది. పరిశోధన బలపడింది. కాని చదవదలచిన ఉద్యోగి పని మానుకొని ఆ నగరం చేరవలసిందే.

ఈ దూరాన్ని తగ్గించడానికి ఇంటర్నెట్ యుగంలో జరిగిన నాలుగు ప్రయత్నాలను గమనించండి.

మొదటిది, 1990ల చివరలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ లాపోర్ట్ బృందం చేపట్టిన ‘సూపర్‌కోర్స్’. శాస్త్రవేత్తలు ఉచితంగా ఇచ్చిన ప్రజారోగ్య ఉపన్యాసాల స్లైడ్‌లను అది ప్రపంచంలోని అధ్యాపకులకు అందించింది. రెండవది, జాన్స్ హాప్కిన్స్ 2005లో ప్రారంభించిన ‘ఓపెన్ కోర్స్‌వేర్’. పాఠ్యసామగ్రిని ఎవరైనా చదువుకోవచ్చు. అయితే సందేహం అడగడానికి ఉపాధ్యాయుడు ఉండడు, పట్టా రాదు.

మూడవది ఈ లోటును పూరించడానికి పూనుకొంది. 2007లో రిచర్డ్ హెల్లర్ ప్రారంభించిన ‘పీపుల్స్ యూని’ తక్కువ ఆదాయ దేశాల ఆరోగ్య సిబ్బందికి ఉద్దేశించినది. ఉచితంగా లభించే సామగ్రినే వాడుకొని, దానికి స్వచ్ఛందంగా బోధించే నిపుణులను, ఆన్‌లైన్ చర్చలను జోడించింది.

నాలుగవది 2020 మేలో వచ్చింది. కోవిడ్ సోకినవారితో మెలిగినవారిని గుర్తించే పనిని, అంటే కాంటాక్ట్ ట్రేసింగ్‌ను, జాన్స్ హాప్కిన్స్ ఒక చిన్న ఉచిత కోర్సుగా నేర్పింది. న్యూయార్క్ రాష్ట్రం ఆ పనిలో చేరేవారికి ఈ కోర్సును తప్పనిసరి చేసింది. ఒకనాడు రోజ్ కోరిన స్వల్పకాలిక శిక్షణ, వెల్చ్ నిర్మించిన విద్యాలయం నుంచే వెలువడడం విశేషం.

దీని నుంచి మీరు గ్రహించవలసినదేమిటి? పాఠాన్ని ఇంటర్నెట్‌లో పెట్టినంత మాత్రాన అది కోర్సు కాదు. పాఠం, మార్గదర్శి, పని ఈ మూడూ కలిసినప్పుడే కోర్సు అవుతుంది. ఊళ్లో అతిసారం ప్రబలినప్పుడు ముందు ఏ ఇంటికి వెళ్లాలి, ఏ నీటిని పరీక్షకు పంపాలి అన్నది ఉపన్యాసం విన్నంత మాత్రాన అబ్బదు. తెలిసినవారి పర్యవేక్షణలో చేసి చూడాలి. 1982లో హైదరాబాదులో మన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, అచ్చు పాఠాలతోపాటు అధ్యయన కేంద్రాలను కూడా నెలకొల్పారు. అందుకు కారణం ఇప్పుడు మీకు సులభంగా బోధపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై నాలుగు ప్రయత్నాలలో పాఠం, మార్గదర్శి, పని అనే మూడింటిలో ఏవి ఉన్నాయి, ఏవి లోపించాయి? మీ మాటల్లో వివరించండి.