పంచె ఒకటే, కట్టు వేరు

నా మొదటి మాంత్రికుడు సత్రం గుమ్మంలో చచ్చిపోయాడు.

ఆట పేరు బాల్డర్స్ గేట్. కెనడాలోని బయోవేర్ సంస్థ తయారుచేయగా 1998లో వెలువడింది. ఆట మొదలుపెట్టగానే ముందు మన పాత్రను మనమే సృష్టించుకోవాలి. ఆడా మగా, ఏ జాతి, ఏ వృత్తి అని అడుగుతుంది. ఆ తర్వాత బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు ఆరు అంకెలు కుదుర్చుకోమంటుంది. చందమామ కథల మీద పెరిగినవాణ్ణి కదా, మంత్రాలు వచ్చినవాడికి కత్తీ డాలూ ఎందుకనుకుని మాంత్రికుణ్ణి ఎంచుకున్నాను. మొదటి మెట్టు మీదున్న మాంత్రికుడికి ఒక్కటంటే ఒక్క మంత్రమే ఉంటుందని, దాన్ని ప్రయోగించాక పడుకుని లేచి మళ్ళీ మననం చేసుకోవాలని, అంతదాకా వాడు చేతికర్ర పట్టుకున్న మామూలు మనిషేనని నాకు తెలియదు. వాడి ప్రాణబలం నాలుగు. దారిలో తోడేలును చూసి ఉన్న ఒక్క మంత్రాన్నీ ఖర్చుపెట్టేశాను. సత్రం మెట్ల దగ్గర టార్నెష్ అనే కిరాయి హంతకుడు ఎదురై, పలకరింపుగా రెండు మాటలాడి, మంత్రబాణాలు వదిలాడు. అంతే.

ఆటతోపాటు వచ్చిన పుస్తకాన్ని అప్పుడు తీశాను. అందులో కవచం విలువ ఎంత తగ్గితే అంత మంచిదని ఉంది! అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు. ప్రతి యోధుడికీ 'థాకో' అనే అంకె ఒకటి ఉంటుంది. అందులోంచి శత్రువు కవచపు అంకెను తీసివేస్తే, ఇరవై ముఖాల పాచిక మీద కనీసం ఎంత పడాలో వస్తుంది. థాకో ఇరవై, శత్రువు కవచం అయిదు అయితే పదిహేను పడాలి. కవచం సున్నా దాటి ఋణసంఖ్యలోకి దిగితే తీసివేత కాస్తా కూడిక అవుతుంది. ఇంత వంకర లెక్కను కంప్యూటర్ ఆట కోసం ఎవరూ కల్పించరు. ఇది ఎక్కడినుంచో వారసత్వంగా వచ్చి ఉండాలి. ఎక్కడినుంచి అని వెతకబోయి చాలా దూరమే వెళ్ళాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. ఆటల్లో 'క్లాస్' అంటే తరగతి కాదు, వర్గమూ కాదు. ఆ పాత్ర ఏ విద్యతో బతుకుతుందో అది. అందుకని వృత్తి అంటున్నాను. 'బిల్డ్' అన్న మాటకు సరైన తెలుగు చాలాకాలం దొరకలేదు. నిర్మాణం అంటే వంతెన గుర్తొస్తుంది. చివరికి 'కట్టు' అన్న మాట నచ్చింది. పంచె ఒకటే అయినా పురోహితుడు కట్టే తీరు వేరు, కర్రసాము చేసేవాడు కట్టే తీరు వేరు. అలాగే వృత్తి ఒకటే అయినా, వచ్చిన అంకెలను ఎక్కడ బిగించాం, ఎక్కడ వదులుగా ఉంచాం అన్నదాన్ని బట్టి ఇద్దరు మాంత్రికులకు పోలికే ఉండదు. నచ్చనివారు బిల్డ్ అనే చదువుకోవచ్చు, నాకు పట్టింపు లేదు.

ఈ వృత్తుల పుట్టుక సాహిత్యంలో లేదు, యుద్ధక్రీడల్లో ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో 'చెయిన్‌మెయిల్' అనే నియమావళి ప్రచురించారు. బల్లమీద సీసపు సైనికులను నిలబెట్టి మధ్యయుగపు యుద్ధాలు ఆడుకోవడానికి పనికొచ్చే పుస్తకమది. దాని చివర్లో కాల్పనిక అనుబంధం ఒకటి చేర్చారు. అందులో వీరుడు నలుగురు సైనికుల పెట్టు, మహావీరుడు ఎనిమిదిమంది పెట్టు. మాంత్రికుడు విసిరే అగ్నిగోళం పెద్ద శిలాయంత్రంతో సమానం, వాడి పిడుగు ఫిరంగి గుండుతో సమానం. అంటే మాంత్రికుడు అనే ఊహ ఆటలోకి వచ్చింది ఋషిగా కాదు, గడ్డం పెంచుకున్న ఫిరంగిగా! వాడు దూరం నుంచి కొట్టాలి, దగ్గరికి వస్తే చావాలి, వాణ్ణి కాపలా కాయడానికి ముందు వరసలో కాల్బలం ఉండాలి. సత్రం గుమ్మంలో నేను చేసిన తప్పేమిటో ఈ సంగతి చదివాక గాని అర్థం కాలేదు. ఫిరంగిని ఒంటరిగా ఊరేగించాను.

మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ అనే ఆయన ఈ నియమాలనే తీసుకుని, సైన్యాలకు బదులు ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క మనిషిని ఇచ్చి, వారాల తరబడి సాగే ఆటగా మార్చాడు. ఆ కల్పిత దేశం పేరు బ్లాక్‌మూర్. ఈ ఇద్దరి కలయికతో 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర పది డాలర్లు, తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. అందులో ఉన్న వృత్తులు మూడే: యోధుడు, మాంత్రికుడు, మతగురువు. నాలుగో మెట్టెక్కిన యోధుడి బిరుదు వీరుడు, ఎనిమిదో మెట్టుది మహావీరుడు. చెయిన్‌మెయిల్‌లోని నలుగురి పెట్టు, ఎనిమిదిమంది పెట్టు లెక్కలే ఇలా మెట్లయ్యాయి. ఈనాడు ఏ ఆటలో చూసినా కనబడే 'లెవెల్' అన్నదానికి మూలం ఈ తలల లెక్కే. నా తల తిప్పిన కవచపు అంకెల ఊరూ ఇదే. కవచం లేనివాడికి తొమ్మిది, నిండు ఉక్కు కవచమూ డాలూ ఉన్నవాడికి రెండు అని 1974లో రాశారు. ఎంత తగ్గితే అంత మంచిదన్న ఆ పద్ధతి పాతికేళ్ళు నిలిచింది.

మతగురువు కథ ఇంకా బాగుంటుంది. బ్లాక్‌మూర్‌లో ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచిగా మారి ఎవరికీ లొంగకుండా తయారైంది. దాని పేరు సర్ ఫ్యాంగ్. దాన్ని ఎదిరించడానికి దైవబలం గల పాత్రను ఒకదాన్ని కల్పించారు. ఒక బల్ల దగ్గర ఒక సాయంత్రపు అవసరానికి పుట్టినవాడు అర్ధశతాబ్దంగా ప్రతి ఆటలోనూ గాయాలకు కట్లు కడుతున్నాడు. దొంగ 1975లో 'గ్రేహాక్' అనుబంధంతో వచ్చి చేరాడు. యోధుడు, మాంత్రికుడు, గురువు, దొంగ: ఈ చతుష్టయం అక్కడితో స్థిరపడింది.

మంత్రాన్ని ప్రయోగించగానే మరచిపోవడమన్న నియమానికి మాత్రం మూలం సాహిత్యమే. అది జాక్ వాన్స్ 1950లో వెలువరించిన 'ది డైయింగ్ ఎర్త్' కథల నుంచి తీసుకున్నది. గైగాక్స్ ఆ ఋణాన్ని దాచలేదు. అదేమి విడ్డూరమని అమెరికన్లు చాలామంది విసుక్కున్నారట గానీ, మనకు వెంటనే కర్ణుడు గుర్తొస్తాడు. వాన్స్‌కూ కర్ణుడికీ సంబంధం ఉందని నేననడం లేదు సుమా. అవసరమైన క్షణంలో మంత్రం స్ఫురణకు రాకపోవడంలోని భయం మనకు కొత్త కాదని మాత్రమే నా మాట.

కంప్యూటర్లలోకి ఈ విద్య వెంటనే పాకింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో అనే వ్యవస్థలో 1975లోనే ఒక ఆట వెలిసింది. దాని పేరు 'పెడిట్5'. అది ఆట పేరు కానేకాదు. రాసినవాడు తన విభాగానికి కేటాయించిన ఖాళీ పాఠపు ఫైలులో దాన్ని దాచిపెట్టాడు, ఫైలు పేరే ఆట పేరైంది. నిర్వాహకులు కనిపెట్టినప్పుడల్లా చెరిపేసేవారు. అందులో వృత్తిని ఎంచుకునే బాధ లేదు. ఒక్కడే యోధుడూ మాంత్రికుడూ గురువూను. పాపం, ఒంటరివాడు కదా, మూడు పనులూ తనే చేసుకోవాలి.

వృత్తిని ఎంచుకోవడమే ఒక పరీక్షగా మారినది 1981లో, 'విజార్డ్రీ'తో. కోర్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ దీని కర్తలు. ఆటలోని దుష్టమాంత్రికుడు వెర్డ్నా, రాజు ట్రెబోర్. ఆ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదివితే కర్తల పేర్లే వస్తాయి. ఆరుగురి బృందం, ఎనిమిది వృత్తులు. వాటిలో నాలుగు ఎవరైనా చేపట్టదగినవి. మిగిలిన బిషప్, సామురాయ్, లార్డ్, నింజా ఉన్నత వృత్తులు. నింజా కావాలంటే ఆరు గుణాలూ పదిహేడుకు తగ్గకూడదు. పాత్రను సృష్టించేటప్పుడు అదృష్టం కొద్దీ వచ్చే అదనపు అంకెలు ఎంత కలిసొచ్చినా అంతవరకూ అందవు. కాబట్టి ఎవడూ నింజాగా పుట్టడు. వేరే వృత్తిలో ఎన్నో మెట్లు ఎక్కి, గుణాలు పెంచుకుని, అప్పుడు మారాలి. మారగానే మళ్ళీ మొదటి మెట్టే. గుణాలు జాతికి ఉండే కనీసపు అంకెలకు పడిపోతాయి, వయసు కూడా మీద పడుతుంది. ఆ నష్టానికి తట్టుకునేదెవరు, ఏ మెట్టు మీద మారాలి అని ఆటగాళ్ళు గళ్ళ కాగితాల మీద లెక్కలు వేసుకునేవారు. ఆ మాట ఇంకా పుట్టకపోయినా, కట్టు అన్న ఆలోచన అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఈ దారిలోనే జపాన్‌వారు 1988లో 'డ్రాగన్ క్వెస్ట్ 3'తో ఒక చమత్కారం చేశారు. అందులో ధామా అనే ఆలయం ఉంది. ఇరవయ్యో మెట్టెక్కినవారు అక్కడ వృత్తి మార్చుకోవచ్చు. అన్ని వృత్తుల్లోకీ శ్రేష్ఠమైనది జ్ఞాని వృత్తి. దానికొక అరుదైన గ్రంథం చేతిలో ఉండాలి. అయితే ఒక్క వృత్తివాడికి మాత్రం ఆ గ్రంథం అక్కరలేదు. వాడు పనీపాటా లేని ఆకతాయి! యుద్ధం మధ్యలో మన మాట వినకుండా వెకిలిచేష్టలు చేస్తూ కూర్చుంటాడు. ఇరవై మెట్లు వాణ్ణి మోసుకెళ్తే జ్ఞాని అవుతాడు. తిరుగుబోతు యోగిగా మారాడన్న వేమన కథను నమ్ముతూ వచ్చిన జాతివాళ్ళం, మనం దీనికి ఆశ్చర్యపోనక్కరలేదు.

దీనికి మూడేళ్ళ ముందే, 1985లో, రిచర్డ్ గారియట్ 'అల్టిమా 4'లో అసలు ఎంచుకోవడమే లేకుండా చేశాడు. ఒక సోదెగత్తె ఏడు ధర్మసందేహాలు అడుగుతుంది. నిజం చెప్పడమా, దయ చూపడమా? మన జవాబులను బట్టి మనం ఎవరమో తేలుతుంది. సత్యం వైపు మొగ్గితే మాంత్రికుడు, ధైర్యం వైపు అయితే యోధుడు. వినయమే గొప్పదన్నవాడు గొర్రెల కాపరి అవుతాడు. అందరికన్నా బలహీనుడు వాడే, పాడుబడిన ఊళ్ళో ఆట మొదలుపెట్టాలి. వినయానికి ఇంత శిక్షా అని మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

ఇక కట్టు అన్నది ఒక శాస్త్రంగా, ఒక పిచ్చిగా మారింది 2000 సంవత్సరంలో. ఆ ఏడు రెండు సంగతులు జరిగాయి. మొదటిది, డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో కూర్పు. కవచపు వంకర లెక్కను అది సరిచేసింది, ఎంత ఎక్కువైతే అంత మంచిది. పైగా ఎవరైనా ఏ మెట్టు మీదనైనా వేరే వృత్తి నుంచి ఒక మెట్టు అరువు తెచ్చుకోవచ్చంది. భిక్షువు మొదటి మెట్టులోనే వివేకపు లాభం ఒంటి రక్షణకు కలుస్తుంది కాబట్టి, వివేకం మెండుగా ఉన్న మతగురువు ఒక్క మెట్టు భిక్షువై తిరిగి వచ్చేవాడు. ఇది వైరాగ్యమా, వ్యాపారమా? వ్యాపారమే లెండి.

రెండవది డయాబ్లో 2. అయిదు వృత్తులు, ఒక్కొక్కదానికి మూడు చెట్లుగా అమర్చిన ముప్ఫై విద్యలు. ఒక్కో విద్యకు ఇరవై అంకెలదాకా పోయవచ్చు. తొంభైతొమ్మిదో మెట్టుకు చేరినవాడికి జీవితకాలంలో దక్కేవి మొత్తం నూటపది అంకెలు. ముప్ఫై ఇరవైలు ఆరువందలు. అంటే ఎక్కువ భాగం వదులుకోవడమే. ఒకసారి పోసిన అంకెను వెనక్కి తీసుకునే వీలు లేదు. గొప్ప విద్యలు ముప్ఫయ్యో మెట్టున గాని అందవు కనుక, తెలిసినవాళ్ళు అంతదాకా పైసా ఖర్చుపెట్టని పిసినారుల్లా అంకెలు కూడబెట్టేవారు. తెలియనివాళ్ళు తలో విద్యకూ తలో చుక్కా పోసి, చివరి అంకంలో ఏ విద్యా తగలని రాక్షసుల ముందు నిలబడేవారు. 2003లో వచ్చిన సవరణతో చిన్న విద్యల్లో పోసినది పెద్ద విద్యలకు బలమవడం మొదలైంది. నిన్నటి వృథా నేటి పెట్టుబడి అయింది, నిన్నటి గొప్ప కట్టులు కొన్ని మూలబడ్డాయి. పోసినవన్నీ తిరిగి ఇచ్చే వెసులుబాటు 2010లో గాని రాలేదు.

ఈ తిరుగులేనితనం న్యాయమా అన్న తగవు ఆటగాళ్ళ మధ్య ఇప్పటికీ ఉంది. నాకు అది ఇష్టమే, ఒక షరతు మీద. ఏమి వదులుకుంటున్నామో ఆట ముందే చెప్పాలి. 2006 నాటి ఆబ్లివియన్ ఆ షరతు తప్పింది. ముఖ్య విద్యలను సాధన చేస్తే మెట్టు పెరుగుతుంది, మెట్టుతోపాటు లోకంలోని శత్రువులూ పెరుగుతారు. కాబట్టి తాను వాడే విద్యలనే ముఖ్యమని చిత్తశుద్ధితో రాసుకున్న అమాయకుడు త్వరగా మెట్లెక్కి బలహీనుడవుతాడు. వాడని విద్యలను ముఖ్యమని రాసినవాడు మెట్టెక్కే వేళను తన చేతిలో ఉంచుకుని బలపడతాడు. నిజం చెప్పినవాడు నష్టపోయి, దొంగలెక్క రాసినవాడు లాభపడే కచేరీ అది. ఆ పరంపరలోనే 2011లో వచ్చిన స్కైరిమ్ వృత్తులనే ఎత్తేసింది.

2023లో బెల్జియంకు చెందిన లారియన్ సంస్థ బాల్డర్స్ గేట్ 3 తెచ్చింది. పన్నెండు వృత్తులు, పన్నెండు మెట్లు. విథర్స్ అనే ఎముకలపోగు మన బిడారంలోనే కాపురముంటాడు. వంద బంగారు నాణేలు ఇస్తే మన వృత్తినీ అంకెలనూ ఎన్నిసార్లయినా మార్చిపెడతాడు. చేతివాటం ఉన్నవాళ్ళు ఇచ్చిన నాణేలను మళ్ళీ వాడి దగ్గరే కొట్టేస్తుంటారు.

నేనూ కొట్టేశాను. ఒక వారంలో మాంత్రికుణ్ణి గురువుగా, గురువును దొంగగా మార్చి చూశాను. తర్వాత పాత ఆటను వెతికి మళ్ళీ పెట్టుకుని, మాంత్రికుణ్ణే ఎంచుకున్నాను. ప్రాణబలం నాలుగే. ఈసారి తోడేలు కనబడితే మంత్రం వాడలేదు, ఇమొయెన్‌ను ముందు నడిపించి వాణ్ణి వెనక నిలబెట్టాను. టార్నెష్ మెట్ల మీదనుంచి దిగి వచ్చి, అవే రెండు మాటలు మొదలుపెట్టాడు.